నీళ్లు తేటబడ్డ వారం

జూబ్లీహిల్స్‌లో ఒక తెల్లకుక్క ఊదారంగులో ఇంటికొచ్చింది. దాంతో ప్రభుత్వం కదిలింది.

కుక్క మామూలుది కాదు. దానికో డాక్టరు, ఒక మంగలి, ఒక డ్రైవరు ఉన్నారని, డ్రైవరుకి నెలకి రెండు సెలవులే గానీ కుక్కకి అన్ని ఆదివారాలూ సెలవని చెప్పుకుంటారు. పొద్దున షికారుకొచ్చి, గొలుసు తప్పించుకుని, ఫిల్మ్ నగర్ కొండ వెనక నాలాలో దిగి బయటికొచ్చేసరికి నాలుగు కాళ్ల వంకాయలా తయారైంది. యజమానురాలు ఏడుస్తూ వీడియో తీసి పెట్టింది. సాయంత్రానికి ఆ వీడియోని భూమ్మీద ఫోనున్న ప్రతివాడూ చూశాడు, లేనివాడు పక్కవాడి ఫోనులో చూశాడు. ఆ నాలా ఒడ్డున బస్తీలో ముప్పై ఏళ్లుగా గోడల అడుగులు సోమవారం పచ్చగా, మంగళవారం నీలంగా, ఎక్కడన్నా పెళ్లిపాట తీస్తుంటే వారమంతా ఎర్రగా ఉంటున్నాయి. అక్కడ పిల్లల మడమలు చూసి ఏ సినిమా షూటింగులో ఉందో చెప్పొచ్చు. ఆ సంగతి ఎవరికీ కనబడలేదు. కుక్క కనబడింది.

మూడోరోజు వీరరాఘవయ్య గారి షెడ్డుకి నోటీసొచ్చింది. వచ్చే శనివారం తనిఖీ. ఆ రోజుకి షెడ్డు నీళ్లు రంగు లేకుండా బయటికి పోవాలి. లేదంటే సీలు.

అది సినిమా దుస్తులకు రంగులద్దే షెడ్డు. హీరోయిన్ ఓణీ దగ్గర్నుంచి వెనక గంతులేసే నూటఇరవై మంది లంగాల దాకా అక్కడ మునిగి తేలాల్సిందే. షెడ్డులో ఎరుపులు పద్నాలుగు రకాలు. పదమూడు డైరెక్టర్లకు నచ్చవు. పద్నాలుగోది కెమెరామెన్‌కి నచ్చదు. అప్పుడు పదిహేనోదాన్ని పుట్టించేవాడు నర్సింహ.

నర్సింహ ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ కాగుల ముందు నిలబడుతున్నాడు. కర్రతో గుడ్డని తిప్పుతూ తిప్పుతూ ఉన్నట్టుండి ఆపుతాడు. దోసిట్లో కాసిని నీళ్లు తీసుకుని తలుపు దగ్గరికొచ్చి ఎండకి పట్టి చూస్తాడు. నీళ్లు చిక్కగా ఉంటే గుడ్డకింకా దాహం తీరలేదని లెక్క. తేటబడితే రంగంతా గుడ్డ తాగేసింది, నీళ్లలో ఇంకేం మిగల్లేదని లెక్క. ఎన్ని మిషన్లొచ్చినా వీరరాఘవయ్య గారు ఆ దోసిలినే నమ్మారు. నర్సింహ కూడా దాన్నే నమ్మాడు.

సోమవారం శ్రీనిధి వచ్చింది. నీళ్లు శుభ్రం చేసే తొట్లు అమ్మే కంపెనీలో కొత్తగా చేరిన పిల్ల. వెంట రెండు నీలం తొట్లు, తిప్పే మోటారు, తెల్ల క్యాన్లు, ఒక గోనెసంచి దిగాయి. నర్సింహ సంచి మూతి విప్పి లోపల చెయ్యి పెట్టాడు. లేతపచ్చ పలుకులు.

"ఇది అన్నభేది గదమ్మా!"

"మీకు తెలుసా అండీ?"

"తెల్వకేం. దీన్నేసే నలుపు పట్టిస్తం. దొంగల కంబళ్లు, దయ్యాల చీరెలు, అన్ని దీంతోనే. నలుపు తెచ్చేది రంగెట్ల తీస్తది?"

"తను తీయదండీ, తీయిస్తుంది. ఈ క్యాన్‌లో ఉన్నది పెరాక్సైడ్. పార్లర్లో జుట్టుకి పెడతారే, దానికి తాతలాంటిది. అన్నభేది దాన్ని రెచ్చగొడుతుంది. అది వెళ్లి రంగుని ముక్కలు ముక్కలు చేస్తుంది. అన్నభేది మాత్రం ఖర్చయిపోకుండా మళ్లీ పనిలోకొస్తుంది. ఉత్ప్రేరకం అంటాం."

నర్సింహ ఆలోచించాడు. "అంటే పక్కన నిలవడి పని చేయిపిస్తది. తనకేం గాదు."

"అంతే!"

"మా సార్ లెక్క."

"వినబడిందిరా," అన్నారు వీరరాఘవయ్య గారు వెనకనుంచి.

శ్రీనిధి ముందు యాసిడ్ పోసింది. తర్వాత అన్నభేది. తర్వాత క్యాన్ వంచి పెరాక్సైడ్ సన్నధారగా వదిలింది. మోటారు తిరిగింది. తొట్టిలో ఊదానీళ్లు, కుక్కని ముంచిన ఊదాయే, మొదట నల్లబడి, ఆ తర్వాత గోధుమరంగుకి దిగి, ఇరవై నిమిషాల్లో మాయమైపోయాయి. నర్సింహ చేతిలో కర్ర అలాగే ఉండిపోయింది. ఇరవై ఎనిమిదేళ్లు రంగు ఎక్కించినవాడు ఆ రంగు దిగిపోవడం చూస్తూ, ఎవరో తన పేరు పలక మీద నుంచి తుడిచేసినట్టు నిలబడ్డాడు.

"అయిపాయెనా?"

"లేదండీ. రంగు ముందే పోతుంది. అసలు పని తర్వాతే. ఇంకో మూడు గంటలు తిరగాలి. ఆ పైన సున్నం కలపాలి. ఈ కాగితం ముంచితే పచ్చగా మారేదాకా కలపాలి. రాత్రంతా కదపకుండా వదిలేయాలి."

సున్నం పడగానే తేటనీళ్లు మళ్లీ తుప్పురంగుకి తిరిగి బురదబురద అయ్యాయి. వీరరాఘవయ్య గారికి ఈ భాగం అస్సలు నచ్చలేదు. "శుభ్రమైన నీళ్లని మళ్లీ ఇలా చేస్తున్నావేంటమ్మా," అన్నారు, ఇస్త్రీ చొక్కా మీద ఎవరో కూర ఒలకబోసినట్టు మొహం పెట్టి. శ్రీనిధి వరసంతా ఒక అట్ట మీద రాసి స్తంభానికి కట్టింది.

మంగళవారం పొద్దుటికి బురద అడుక్కి దిగింది. పైన నిలిచిన నీళ్లలో శ్రీనిధి కాగితం ముంచింది. పచ్చన. "వదిలేయండి," అంది.

షెడ్డు వెనకగోడ తూముకి నాలుగడుగుల కింద రాజమ్మ ఇల్లు. రాజమ్మ నర్సింహకు సొంత అక్క. మెయిన్ రోడ్డు మీది టిఫిన్ బండి వాళ్ల ఇడ్లీ రేకులు, సాంబారు గిన్నెలు ఇంటికి తెచ్చుకుని తోముతుంది. గోడ వెంబడి ఇరవై పెయింటు డబ్బాల్లో పుదీనా, కొత్తిమీర పెంచి ఆ బండికే ఇస్తుంది. నీళ్లకి ట్యాంకరే దిక్కు. ట్యాంకరు రెండ్రోజులకొకసారి వస్తుంది, అదీ దానికి మనసైతే.

"అక్కా! బిందె తీస్కరా!"

"ఇయ్యాల ఏం రంగురా?"

"జర తీస్కరా, చెప్త."

బిందె నిండింది. రాజమ్మ వంగి చూసి చాలాసేపు లేవలేదు. "నా ముక్కుపుల్ల కనవడ్తుందిరా ఇండ్ల," అంది. "మీ షెడ్ల నుంచేనా? ఒట్టు?"

"ఒట్టు. తాగేటివైతే కావు. గిన్నెలకు, చెట్లకు ఫికర్ లేదు. అద్దం లెక్కున్నయ్ చూడు. నేను చెప్తున్న గద."

పక్కింటి బాలాత్రిపురసుందరి గోడ మీంచి తొంగి చూసింది. ఆ పిల్లకి పేరు పొడుగు, ఓపిక పొట్టి. "నర్సింహన్న చెప్తే ఇంక పరీక్షేంది," అని తనూ బిందె తెచ్చింది. సాయంత్రానికి బస్తీలో మనుషులు మూడొందలే అయినా బిందెలు వెయ్యి లేచాయి. నర్సింహ తూము పక్కన నిలబడి ఒక్కో బిందెనీ పెళ్లిలో వడ్డన చూసుకునేవాడిలా చూసుకున్నాడు. ఆ రాత్రి భోజనం దగ్గర రెండుసార్లు ఊరికే నవ్వాడు.

బుధవారం పొద్దున ప్రొడక్షన్ మేనేజర్ తిరుమలేశ్ కారు దిగుతూనే అరిచాడు. "సార్, నూటఇరవై లంగాలు! సూర్యోదయం ఎరుపు! శుక్రవారం పొద్దుగూకేలోపు! హీరో డేట్లు మళ్లీ దసరాకే!"

"ఏ ఊరి సూర్యోదయమయ్యా?" అన్నారు వీరరాఘవయ్య గారు.

తిరుమలేశ్ ఫోన్ తీసి డైరెక్టర్‌ని నిజంగానే అడిగాడు.

ఆరు కాగులు పొయ్యిలెక్కాయి. మధ్యాహ్నానికి రెండు తొట్లూ ఎర్రనీళ్లతో నిండాయి. ఇంకో రెండు తొట్లకి సరిపడా ఎరుపు నేలమీద గుంటలో నిలబడింది. మామూలప్పుడైతే తూము తెరిస్తే పోయేది. ఇప్పుడు ఒక్కో తొట్టికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టాలి. కాగులు అంతసేపు ఆగవు, సూర్యోదయం అసలే ఆగదు.

వీరరాఘవయ్య గారు తొట్టి పక్కన నిలబడ్డారు. యాసిడ్, అన్నభేది, పెరాక్సైడ్ అన్నీ పడ్డాయి. ఇరవై నిమిషాల్లో ఎరుపు పోయింది.

"వదిలెయ్," అన్నారు.

"సున్నమెయ్యాలె సార్. పాప రాసిపోయింది."

"తెల్లగా ఉన్న నీళ్లలో సున్నం పోసి బురద చేసి, మళ్లీ తెల్లబడేదాకా కూచోవడమేంట్రా? రంగు పోవాలన్నారు, పోయింది. నోటీసులో సున్నం మాట ఎక్కడన్నా ఉందా?" ఆయన నిజంగానే జేబులోంచి నోటీసు తీసి చూపించారు. "సరే, నా మాటొద్దు. నువ్వు చూసి చెప్పు. ఇందులో ఇంకేమన్నా ఉందా?"

నర్సింహ దోసిట్లో నీళ్లు తీసుకున్నాడు. తలుపు దగ్గరికెళ్లి ఎండకి పట్టాడు. నిమ్మచెక్క ఒక్క బొట్టు పిండినంత ఛాయ ఉంది. దాన్ని కెమెరామెన్ కూడా పట్టుకోలేడు. నర్సింహ చూశాడు. వెనక కాగులు పొంగుతున్నాయి. తిరుమలేశ్ ఎవరినో ఫోనులో తిడుతున్నాడు. ఈ ఎరుపు శుక్రవారానికి అందకపోతే ఎంతమంది ఇంటికి పోతారో అతనికి తెలుసు. రంగు లేని నీళ్లు ఉత్తవేనని అంతకంటే గట్టిగా తెలుసు.

"ఏం లేదు సార్," అన్నాడు.

ఆ రోజు అయిదు తొట్లు వదిలారు. గురువారం తొమ్మిది. స్తంభానికి కట్టిన అట్ట మీద ఎవరో తడి లంగా ఆరేశారు. నర్సింహకు తల ఎత్తే తీరిక లేదు. తూము కింద బిందెల చప్పుడు వినబడినప్పుడల్లా మాత్రం అతనికి ప్రాణం తేలికపడేది.

శుక్రవారం మధ్యాహ్నం చివరి లంగా ఆరింది. నర్సింహ అన్నానికి అక్క ఇంటికి దిగాడు. గోడ వెంబడి ఇరవై డబ్బాల్లో పుదీనా తలలు వాల్చేసి ఉంది. ఆకుల అంచులు నల్లగా, నడిమి పాలిపోయి. కొత్తిమీర మట్టి మీద అంటుకుపోయింది.

"ఏమైందక్కా గిట్ల?"

"ఎండలు రా," అంది రాజమ్మ. కంచం తెచ్చి పెట్టింది గానీ చేతులు కొంగులోంచి పూర్తిగా తీయలేదు. చారు వంచుతుంటే గరిటె జారింది. నర్సింహ ఆమె మణికట్టు పట్టుకుని కొంగు తప్పించాడు. అరచేతులు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. వేళ్ల సందుల్లో చర్మం ఉడికిన ఆలుగడ్డ తొక్కలా లేచి, కింద ఎర్రగా పగిలింది.

"ఆ బండోళ్లు సబ్బుపొడి మార్చిన్రు. గది పడ్తలేదు. ఇడువు."

"నీళ్లు యాడియి?"

"యాడియేందిరా. నువ్వు పోపిచ్చిన నీళ్లే. మూడు దినాలాయె ట్యాంకర్ మొకం చూడక."

నర్సింహ మూలన ఉన్న బిందెలో చెయ్యి ముంచి ఉంచాడు. చాలాసేపు ఉంచాడు. ఇరవై ఎనిమిదేళ్లు మరుగుతున్న రంగుల్లో ఆడి కాయకట్టిపోయిన చెయ్యి. దానికేం తెలియలేదు. కంచంలో అన్నం అలాగే వదిలేసి బయటికొచ్చి శ్రీనిధికి ఫోన్ చేశాడు.

ఆమె మూడింటికి వచ్చింది. బిందెలో కాగితం ముంచింది. కాగితం గులాబీ దాటి ఎర్రగా మారింది. అది చూసి బిందెని గోడవైపుకి జరిపేసింది.

"సున్నం వేయలేదా?"

"లేదమ్మా. అంతా తేటగనే ఉండె..."

"రంగు పోతే అయిపోయినట్టు కాదని చెప్పాను కదండీ. రంగు ఒక పెద్ద ముద్ద అనుకోండి. నడిమికి ఒక్క దెబ్బ పడితే చాలు, రంగు పోతుంది. ముద్ద పోదు, ముక్కలుంటాయి. ముక్కలకి రంగుండదు. కొన్ని ముక్కలు ముద్దకంటే చెడ్డవి. పైగా యాసిడ్ అలాగే ఉంది. మీ అక్కగారిని డాక్టరుకి చూపించండి. ఎవ్వరూ ముట్టుకోకూడదు దీన్ని."

"అంటే మునుపటి రంగునీళ్లే నయముండెనా?"

శ్రీనిధి ఎర్రబడ్డ కాగితాన్ని వేళ్ల మధ్య మడిచింది. "వాటినెవరూ ముట్టుకునేవాళ్లు కాదు కదండీ," అంది.

ఇద్దరూ వీరరాఘవయ్య గారి దగ్గరికెళ్లారు. ఆయన కసురుకోలేదు. రెండు కుర్చీలు వేయించి, టీ తెప్పించి, రాజమ్మ చేతుల సంగతి విని నిజంగానే బాధపడ్డారు. డాక్టరు ఖర్చు తనదన్నారు. "రేపొక్కరోజు గడవనివ్వమ్మా. ఆఫీసరు వచ్చేసరికి తొట్టిలో బురద కనబడితే నన్ను ఉరితీస్తాడు. ఆదివారం నుంచి నీ అట్టలో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోదు."

"ఈ ఒక్కరోజులో వాళ్లు..."

"వాడొద్దని చెప్పండి. మన నాలా నీళ్లు వాడమని నేనెవరికన్నా చెప్పానా?"

నర్సింహ తల దించుకున్నాడు. చెప్పింది ఆయన కాదు.

శ్రీనిధి తన మేనేజరుకి ఫోన్ చేసి, అటువైపు మాటలు విని, ఫోన్ సంచిలో పెట్టేసింది. "మేం తొట్లు అమ్మాం, నడపడం మీ ఇష్టమంటున్నారు," అంది. అంది గానీ నర్సింహ వైపు చూడలేకపోయింది.

సాయంత్రం నర్సింహ తూము ముందు చేతులు అడ్డంగా చాపి నిలబడ్డాడు. "గీ నీళ్లు పట్టకున్రి. ఖరాబున్నయ్. చేతులు కాల్తయ్."

బిందెలు ఆగాయి. ఆడవాళ్లు నీళ్లవైపు చూశారు, అతనివైపు చూశారు.

"మంగళారం నువ్వే గదన్నా బిందెలు తెమ్మన్నవ్?" అంది బాలాత్రిపురసుందరి.

"అప్పటియి ఏరు. గియి ఏరు."

"ఏం ఏరు? నాకైతే గవే కండ్లవడ్తున్నయ్. నీకు కండ్లవడ్తుందా, ఏమన్న?"

నర్సింహ నీళ్లు చూశాడు. చూపించడానికి వాటిలో ఏమీ లేదు.

"మేం తోడుకుంటే మీ సార్‌కు కడుపు నొప్పైతుందేమో," అంది ఇంకెవరో. అందరూ నవ్వారు. రాజమ్మ నవ్వలేదు. చేతులకి పసుపు గుడ్డ చుట్టుకుని ఉంది. "నర్సిగా," అంది మెల్లగా, "నువ్వు మంచియంటే పట్టిన. ఇప్పుడు కాదంటే నలుగుట్ల నా మొకమేం గావాలె? నేనే గదా అందరికి చెప్పింది, మా తమ్ముడు సూసిండని." గుడ్డ చుట్టిన చేతులతోనే బిందె తూము కిందికి జరిపింది.

శనివారం పదకొండింటికి కమలాకర్ అనే ఆఫీసరు వచ్చాడు. నెమ్మదైన మనిషి. కొబ్బరినీళ్లు కూడా వద్దన్నాడు. గాజుసీసాలో తొట్టి నీళ్లు పట్టి, ఆకాశానికెత్తి ఒక కన్ను మూసి చూశాడు. సరిగ్గా నర్సింహ చూసినట్టే చూశాడు.

"కలర్ నిల్," అన్నాడు. "బాగ మెయింటేన్ చేస్తున్రు. బయట అవుట్‌లెట్ ఫొటో ఒకటి తీస్కుని సంతకం పెట్టేస్త."

సున్నం గురించి అతనడగలేదు. అతని ఫారంలో ఆ గడి లేదు.

వాల్వు తిప్పమని నర్సింహకి చెప్పి వీరరాఘవయ్య గారు ఆఫీసరుని వెనకవైపు తీసుకెళ్లారు. నర్సింహ తిప్పాడు. నీళ్లు కాలువలో పడి తూము వైపు పరిగెత్తాయి. గోడ పక్క సందులోంచి అంతా కనబడుతోంది. ఆడవాళ్లు బిందెలతో వరసలో ఉన్నారు. కమలాకర్ ముచ్చటపడ్డాడు. "పబ్లిక్ గూడ రీయూజ్ చేస్తున్నరా? వెరీ గుడ్! అమ్మా, జర ఇటు చూడున్రి." ఫోన్ ఎత్తాడు. వరసలో మొదట రాజమ్మ. ఫొటో అనేసరికి పసుపు గుడ్డ బాగుండదనుకుందో ఏమో, విప్పి బొడ్లో దోపుకుని, ఉత్తచేతులతో బిందె పట్టుకుని నిలబడింది.

నర్సింహ వెనక్కి తిరిగాడు. బల్ల మీద సూర్యోదయం ఎరుపు డబ్బా మూత తీసే ఉంది. పిడికిలి నిండా తీసుకున్నాడు. మామూలుగా అతను రంగుని చెంచాతో, ఊపిరి బిగబట్టి కొలుస్తాడు. ఈసారి కొలవలేదు. కాలువలోకి విసిరాడు. ఇంకో పిడికిలి తీసి విసిరాడు.

తూము దగ్గర ఒక్కసారిగా కేక లేచింది.

ఆ ఎరుపు బిందెల్లో పడింది, కాళ్లమీద పడింది, ఆఫీసరు తెల్లబూట్లమీద పడింది. ఆడవాళ్లు బిందెలు బోర్లించి వెనక్కి దూకారు. బాలాత్రిపురసుందరి షెడ్డువాళ్ల ఏడుతరాలనీ పేరుపేరునా తిట్టింది. ఆమెకు తెలియని పేర్లు అక్కడికక్కడే పెట్టి మరీ తిట్టింది. ఒక్క నిమిషంలో తూము కింద ఒక్క బిందె లేదు. నర్సింహ గోడ సందులోంచి చివరి బిందె పోయేదాకా చూసి వాల్వు మూశాడు.

రెండింటికల్లా షెడ్డు తలుపుకి లక్క పడింది. వీరరాఘవయ్య గారు బయట బోర్లించిన కాగు మీద కూర్చున్నారు. అరిచే ఓపిక కూడా ఉన్నట్టు లేదు.

"ఒక్క పూట ఓర్చుకోలేకపోయావేంట్రా? రేపట్నుంచి నువ్వు చెప్పినట్టే చేసేవాణ్ని కదా."

"చేస్తుంటిరి సార్," అన్నాడు నర్సింహ. "నేను బుధారమే చెప్పాల్సుండె. అప్పుడు ఏం లేదంటి."

ఆయనకి అది అర్థమైందో లేదో. లేచి, గోడ పట్టుకుంటూ రోడ్డు దాకా నడిచి ఆటో ఎక్కారు. పనివాళ్లు తొమ్మిదిమందీ నర్సింహ పక్కనుంచి నడిచి వెళ్లిపోయారు, అంతే.

రాజమ్మ ఆ రోజు మాట్లాడలేదు. ఆదివారం డాక్టరు దగ్గర కూడా అతనితో మాట్లాడకుండా డాక్టరుతోనే మాట్లాడింది. చేతులకి మందు రాసి, రెండు నెలలు గిన్నెల జోలికి పోవద్దన్నాడు. టిఫిన్ బండి వాళ్లు సాయంత్రానికి ఇంకొకరిని చూసుకున్నారు.

సోమవారం పొద్దున ఏడింటికి ట్యాంకరు వచ్చింది. వరసలో అక్క వెనక నర్సింహ నిలబడ్డాడు. ముందున్న ఆడవాళ్లు అతణ్ని చూసి తమ బిందెలు దగ్గరికి లాక్కున్నారు. రాజమ్మ వంతు రాగానే అతను పైపు అందుకుని ఆమె బిందె నింపాడు. వద్దనలేదు. ఎత్తబోతుంటే మాత్రం మోచేత్తో ఆపింది.

వంగి బిందెలోకి చూసింది. నీళ్లు కదలడం ఆగేదాకా చూసింది. కట్టుకట్టిన చెయ్యి ముంచలేక, మోచేతి అంచు తడిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా ఉన్నట్టు లేదు. వెనక వరస గొణుగుతోంది. ట్యాంకరు డ్రైవరు హారన్ కొట్టాడు.

"జర సూడురా," అంది తమ్ముడితో. మూడు రోజుల్లో మొదటి మాట. "మంచియేనా?"

నర్సింహ దోసిట్లో నీళ్లు తీసుకుని తూర్పుకి తిరిగాడు. ఎండ సూటిగా దోసిట్లోకి దిగి అతని అరచేతి గీతలన్నీ చూపించింది. నిమ్మ ఛాయ లేదు. ఏ ఛాయా లేదు. వేళ్ల సందుల్లోంచి చుక్కచుక్కగా మొత్తం కారిపోయేదాకా అలాగే చూస్తూ నిలబడ్డాడు.

"నాకు తెల్వదక్కా," అన్నాడు.

రాజమ్మ అతని మొహంలోకి ఒకసారి చూసింది. తర్వాత పక్కకి జరిగి, బిందె ఎత్తమని నడుము చూపించింది.